సర్టిఫికెట్ అథారిటీయే మోసం చేస్తే: ఏ పద్ధతిలో ఆనవాలు మిగులుతుంది, దేన్ని ఎంచుకోవాలి

ఫలానా పబ్లిక్ కీ ఫలానా పేరుదేనని సంతకం చేసి చెప్పే డిజిటల్ కాగితం సర్టిఫికెట్; దాన్ని జారీ చేసే సంస్థ సర్టిఫికెట్ అథారిటీ. పబ్లిక్ కీ అందరికీ ఇచ్చేది, దానికి జంటగా యజమాని దాచుకునేది రహస్య కీ. సర్టిఫికెట్ల మీద నడిచే భద్రతను ఎంచుకోబోయేవారు ముందుగా అడిగే ప్రశ్న, ఏ సర్టిఫికెట్ అథారిటీ నమ్మదగినది అని. ఆ ప్రశ్నకు ఎంత మంచి జవాబు దొరికినా ప్రయోజనం కొంతే. బ్రౌజర్ నమ్మే అథారిటీలలో ఏదైనా సరే మీ డొమైన్ పేరు మీద సర్టిఫికెట్ జారీ చేయగలదు. మీరు ఏరికోరి ఎవరి దగ్గర తీసుకున్నారన్నదానితో దానికి నిమిత్తం లేదు. కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: కంచే చేను మేస్తే, మేసిన గుర్తు ఎక్కడైనా మిగులుతుందా, మిగిలితే అది ఎవరి కంట పడుతుంది? సాధారణ సర్టిఫికెట్లను, వాటికి తోడుగా వచ్చిన రక్షణలను, సర్టిఫికెట్ల రూపాన్ని మార్చి లేదా పూర్తిగా తీసేసి పరిశోధకులు ప్రతిపాదించిన మూడు పద్ధతులను ఈ ఒక్క ప్రశ్నతోనే ఇక్కడ తూచి చూస్తున్నాను.

నమ్మకం చెడే తీరులు

అథారిటీ మీద నమ్మకం చెడడం అంటే అన్ని సందర్భాలలోనూ ఒకటే అర్థం కాదు. 2011 మార్చిలో కొమోడో అనే అథారిటీ తరఫున దరఖాస్తులు పరిశీలించే భాగస్వామి ఖాతా ఒకటి దాడిచేసినవారి చేతికి చిక్కి, పేరున్న సైట్ల మీద 9 దొంగ సర్టిఫికెట్లు జారీ అయ్యాయి. ఇక్కడ అథారిటీ మోసపోయింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్‌లోకి చొరబడినవారు 500కు పైగా సర్టిఫికెట్లు సృష్టించుకున్నారు. ఇక్కడ అథారిటీ ఇల్లే గుల్లయింది, పైగా చొరబాటు సంగతి జూలైలోనే తెలిసినా ఆ సంస్థ బయటపెట్టలేదు. 2012 ఆరంభంలో ట్రస్ట్‌వేవ్, తన ఖాతాదారు ఒకరు సొంత నెట్‌వర్క్‌లోని రాకపోకలను విప్పి చూసుకునేందుకు వీలుగా ఒక ఉప అథారిటీ సర్టిఫికెట్ (ఇతర పేర్ల మీద సర్టిఫికెట్లు పుట్టించుకునే అధికారం) ఇచ్చినట్లు తానే ఒప్పుకుంది. 2016లో వోసైన్, షా-1 అనే బలహీనపడిన పాత పద్ధతిలో సంతకం చేసిన సర్టిఫికెట్లను, ఆ పద్ధతి నిషేధానికి ముందే ఇచ్చినట్లు పాత తేదీలు వేసి జారీ చేసినట్లు మొజిల్లా విచారణలో తేలింది. చివరి రెండింటిలో అథారిటీ మోసపోలేదు, తెలిసే చేసింది.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఎంపిక తప్పుతుంది. ఉదాహరణకు, మా డొమైన్‌కు ఫలానా అథారిటీ తప్ప మరెవరూ సర్టిఫికెట్ ఇవ్వరాదని, డొమైన్ పేర్లను చిరునామాలుగా మార్చే వ్యవస్థ అయిన డీఎన్‌ఎస్‌లో రాసుకునే సీఏఏ రికార్డును తీసుకుందాం. 2017 సెప్టెంబరు 8 నుంచి అథారిటీలన్నీ జారీకి ముందు దాన్ని తప్పనిసరిగా చూడాలి. అయితే చూడవలసింది అథారిటీయే. నిజాయితీ ఉన్న అథారిటీని ఎవరో బురిడీ కొట్టించబోతే సీఏఏ అడ్డుపడుతుంది. అథారిటీయే బరితెగిస్తే ఆ రికార్డు గోడ మీద అంటించిన నోటీసుతో సమానం. డొమైన్ యాజమాన్యాన్ని నెట్‌వర్క్‌లోని పలు చోట్ల నుంచి సరిచూసే కొత్త నియమానిదీ అదే కథ. సీఏఏ ఉచితమే, పెట్టుకోవడానికి శ్రమ లేదు, కాబట్టి పెట్టుకోండి; రెండోదాన్ని అథారిటీయే చేస్తుంది. కానీ దొంగ అథారిటీ నుంచి ఇవి కాపాడుతున్నాయని మాత్రం ఏ పత్రంలోనూ రాయకండి.

తూకానికి కావలసిన కొలబద్ద 1991లోనే వచ్చింది. ఫ్రెంచ్ గూఢలిపి శాస్త్రవేత్త మార్క్ జిరో, అథారిటీ మీద మనం ఉంచవలసి వచ్చే నమ్మకాన్ని మూడు మెట్లుగా విడదీశాడు. మొదటి మెట్టులో అథారిటీకి మీ రహస్య కీ తెలుసు, లేదా అది సులువుగా లెక్కకట్టుకోగలదు. రెండో మెట్టులో మీ రహస్య కీ దానికి తెలియదు, అయినా మీ పేరు మీద దొంగ కీ పుట్టించి ఎవరికీ పట్టుబడకుండా నటించగలదు. మూడో మెట్టులోనూ నటించగలదు గానీ, నటించిందని రుజువు చేయవచ్చు. మోసం అసాధ్యమయ్యే నాలుగో మెట్టు ఈ జాబితాలో లేదన్నది గమనించండి. దొరికే వాటిలో మేలైనది మూడోదే.

సాధారణ సర్టిఫికెట్: పుస్తకంలో మూడో మెట్టు, వాడకంలో రెండోది

పబ్లిక్ కీని పేరుతో ముడివేసి ఒకరు సంతకం చేసి ఇచ్చే సర్టిఫికెట్ అనే ఆలోచనను 1978లో లోరెన్ కోన్‌ఫెల్డర్ ఎంఐటీలో సమర్పించిన బ్యాచిలర్ థీసిస్‌లో ప్రవేశపెట్టాడు. సిద్ధాంతరీత్యా ఇది జిరో చెప్పిన మూడో మెట్టు మీద ఉంది. దొంగ సర్టిఫికెట్ మీద అథారిటీ సంతకం ఉంటుంది, ఆ సంతకం మరెవరూ చేయలేరు, కాబట్టి కాగితం దొరికితే దొంగ దొరికినట్లే.

చిక్కంతా ఆ కాగితం దొరకడంలోనే ఉంది. దొంగ సర్టిఫికెట్‌ను బాధితుడి బ్రౌజర్‌కు మాత్రమే చూపిస్తారు. బ్రౌజర్ సంతకం సరిచూసుకుని, సరిపోయిందని చెప్పి, దాన్ని మరచిపోతుంది. అసలు డొమైన్ యజమానికి తన పేరు మీద అలాంటిది ఒకటి పుట్టిందన్న సంగతే తెలియదు. డిజినోటార్ పేరుతో గూగుల్ ఉప డొమైన్లన్నిటికీ చెల్లే దొంగ సర్టిఫికెట్ 2011 జూలై 10న పుట్టింది. ఇరాన్‌లోని వాడుకరుల మీద దాన్ని ప్రయోగించారు. ఆగస్టు చివర్లో అక్కడి వాడుకరి ఒకరు తన క్రోమ్ హెచ్చరిక చూపిస్తోందని రాసేదాకా బయటి ప్రపంచానికి తెలియలేదు. ఆ హెచ్చరిక కూడా సర్టిఫికెట్ల వ్యవస్థ ఇచ్చింది కాదు. గూగుల్ తన సైట్లకు చెల్లే కీలను క్రోమ్‌లో ముందే రాసిపెట్టుకోవడం వల్ల వచ్చింది. ఫైర్‌ఫాక్స్ వాడినవారికి ఏమీ కనిపించలేదు. సెప్టెంబరులో డిజినోటార్ దివాలా తీసింది. అన్ని వారాలపాటు ఆనవాలు ఉంది, కానీ అది చూడవలసినవారి కంట పడే చోట లేదు.

సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ

ఈ లోటును పూడ్చడానికి వచ్చినదే సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ. 2013 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6962గా (ఆర్‌ఎఫ్‌సీలు ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు) వెలువడింది. నా దృష్టిలో ఇప్పుడు అందుబాటులో ఉన్న వాటన్నిటిలో దొంగ అథారిటీకి నిజంగా జవాబు చెప్పేది ఇదొక్కటే, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

అథారిటీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు దాని ముసాయిదాను (ముందస్తు సర్టిఫికెట్‌ను) ఎవరైనా చదవగల బహిరంగ లాగ్‌లకు పంపుతుంది. లాగ్ దానికి బదులుగా సమయం వేసి, సంతకం చేసిన ఒక హామీ రసీదు ఇస్తుంది: ఈ సర్టిఫికెట్‌ను 24 గంటలలోగా నా చిట్టాలో చేరుస్తాను అని దాని అర్థం. చిట్టాను మెర్కల్ వృక్షంగా, అంటే నమోదుల హాష్‌లను (వేలిముద్ర లాంటి సంఖ్యలను) జతలుగా కలుపుతూ పైకి, కడతారు. అందులో చేర్చడమే తప్ప, చేర్చినదాన్ని తర్వాత తీసేసినా మార్చినా వృక్షం శిఖరం వద్ద ఉన్న హాష్ మారి పట్టుబడుతుంది. సర్టిఫికెట్ గడువు 180 రోజులకు మించకపోతే కనీసం 2 రసీదులు, మించితే 3 ఉండాలని, అవి వేర్వేరు నిర్వాహకుల లాగ్‌ల నుంచి రావాలని క్రోమ్ కోరుతుంది. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయిన ఏ బహిరంగ సర్టిఫికెట్‌లోనైనా రసీదులు లేకపోతే క్రోమ్ దాన్ని ఒప్పుకోదు. సఫారీ అదే ఏడాది అదే బాట పట్టింది. ఫైర్‌ఫాక్స్ డెస్క్‌టాప్‌కు మాత్రం 2025 దాకా సమయం పట్టింది.

దీని ఫలితం చూడండి. దొంగ అథారిటీ ఇప్పుడు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి: సర్టిఫికెట్‌ను లాగ్‌లో పెట్టి లోకమంతటికీ చూపడం, లేదా లాగ్‌లో పెట్టకుండా బ్రౌజర్‌లో చెల్లని కాగితం పుట్టించడం. 2015 సెప్టెంబరు 14న సిమాంటెక్ కింద ఉన్న థాట్ అథారిటీ, గూగుల్ అడగకుండానే గూగుల్ డొమైన్ పేరుతో ఒక ముందస్తు సర్టిఫికెట్ జారీ చేసింది. దాని గడువు ఒక్క రోజే, సంస్థ లోపలి పరీక్ష కోసం చేసిందని చెప్పారు. లాగ్‌లు లేని రోజులైతే అది ఎవరికీ తెలియకుండా పుట్టి గిట్టేది. లాగ్‌లో కనిపించింది కాబట్టి తీగ లాగారు, డొంకంతా కదిలింది. 2018కల్లా క్రోమ్ సిమాంటెక్ పాత రూట్ల (బ్రౌజర్ నేరుగా నమ్మే మూల సర్టిఫికెట్ల) కింద ఉన్న సర్టిఫికెట్లన్నిటినీ నమ్మడం మానేసింది.

అయితే లాగ్ అనేది చిట్టా మాత్రమే, కాపలాదారు కాదు. చిట్టా తిరగేసేవారు లేకపోతే ఏమవుతుందో చూపే రెండు సంఘటనలున్నాయి. 2023 అక్టోబరులో జాబర్ అనే చాట్ పద్ధతిపై నడిచే ఒక రష్యన్ సేవ నిర్వాహకులు, తమ సర్వర్ ముందు నెలల తరబడి ఎవరో కూర్చుని రాకపోకలు వింటున్నారని కనుక్కున్నారు. వినేవారు ఉచిత అథారిటీ అయిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి సక్రమంగానే సర్టిఫికెట్లు పొందారు, ఎందుకంటే ఆ సర్వర్‌కు వెళ్లే దారి వారి అదుపులో ఉంది. ఆ సర్టిఫికెట్లు లాగ్‌లో అందరికీ కనిపించేలా ఉన్నా ఎవరూ చూడలేదు. చివరికి వినేవారు ఒక సర్టిఫికెట్‌ను పొడిగించడం మరచిపోయి, గడువు తీరిన హెచ్చరిక వచ్చాకే విషయం బయటపడింది. రెండోది 2025 నాటిది. క్రొయేషియాకు చెందిన ఫినా అథారిటీ, క్లౌడ్‌ఫ్లేర్ నడిపే 1.1.1.1 (బహిరంగ డీఎన్‌ఎస్ సేవ) చిరునామాకు అనుమతి లేకుండా 2024 ఫిబ్రవరి నుంచి 2025 ఆగస్టు దాకా 12 సర్టిఫికెట్లు ఇచ్చింది. భద్రతే వ్యాపారంగా ఉన్న సంస్థకు కూడా ఆ సంగతి బయటివారు చెప్పేదాకా తట్టలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడమంటే ఇదే.

లాగ్‌ల మీద నిఘా పెట్టుకుంటే ఏమవుతుందో నా అనుభవం కూడా చెబుతాను. ఒక ఉదయం మా డొమైన్ కింద మాకు గుర్తులేని ఉప డొమైన్‌కు, మేము ఎన్నడూ వాడని అథారిటీ నుంచి సర్టిఫికెట్ పుట్టిందని ఈమెయిల్ వచ్చింది. రెండు గంటలు నలుగురం తలలు పట్టుకున్నాక తేలిందేమంటే, పరీక్ష కోసం ఎప్పుడో అద్దెకు తీసుకున్న హోస్టింగ్ సేవ ఒకటి, మేము తీసేయడం మరచిపోయిన డీఎన్‌ఎస్ రికార్డును ఆధారం చేసుకుని తనంతట తానే సర్టిఫికెట్ తెచ్చుకుంది. దాడి కాదు. కానీ ఆ రోజు నుంచి, మా పేరు మీద సర్టిఫికెట్ తెచ్చుకునే హక్కు ఎవరెవరికి ఉందో రాసిన ఒక పట్టిక మా దగ్గర ఉంది. ఆ పట్టిక లేనిదే నిఘా ఈమెయిళ్లు చెత్తబుట్టకే చేరతాయి. ఏది మనది, ఏది కాదు అని తేల్చుకోలేనప్పుడు హెచ్చరికకు విలువ లేదు.

మరో రెండు హద్దులు కూడా తెలుసుకోవాలి. కంప్యూటర్‌లో వాడుకరి లేదా సంస్థ స్వయంగా చేర్చుకున్న రూట్‌కు బ్రౌజర్లు ఈ నియమం వర్తింపజేయవు. కజకిస్తాన్ ప్రభుత్వం 2019లో పౌరుల చేత ఒక రూట్‌ను చేర్పించబోయినప్పుడు లాగ్‌లు అడ్డుపడలేదు. బ్రౌజర్ తయారీదారులు ఆ రూట్‌ను పేరుపెట్టి నిషేధించవలసి వచ్చింది. రెండోది, రసీదులు అడిగేది ప్రధానంగా బ్రౌజర్లే. మెయిల్ సర్వర్లు, మీ ప్రోగ్రామ్‌లో మీరు పిలిచే లైబ్రరీలు చాలావరకు సంతకం చూసి సరిపెట్టుకుంటాయి. వెబ్‌సైట్‌కు వర్తించే ధైర్యాన్ని ఏపీఐకి (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడే మార్గానికి) కూడా అన్వయించుకోవడం చాలామంది చేసే పొరపాటు.

కీని బిగించడం, డేన్, సొంత అథారిటీ

డిజినోటార్‌ను పట్టించిన కీ బిగింపు (చెల్లే కీలను ముందే రాసిపెట్టుకోవడం) ఆ తర్వాత అందరికీ అందుబాటులోకి వచ్చి, అందరినీ భయపెట్టి, వెళ్లిపోయింది. సైటు తన కీలను బ్రౌజర్‌కు చెప్పి గుర్తుపెట్టుకోమనే హెచ్‌పీకేపీ 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7469గా వచ్చింది. కీ పోగొట్టుకున్న సైటు నెలల తరబడి తన వాడుకరులకే కనబడకుండా పోయే ప్రమాదం ఉండటంతో 2019 ఆరంభంలో క్రోమ్ దాన్ని తొలగించింది. ఇప్పుడు బిగింపుకు మిగిలిన చోటు మీ సొంత యాప్. అక్కడ కూడా బహిరంగ అథారిటీ మధ్యస్థ కీని (రూట్ తరఫున రోజువారీ సంతకాలు చేసే కీని) బిగించకండి. ఆ అథారిటీ తన మధ్యస్థ సర్టిఫికెట్‌ను ముందస్తు సమాచారం లేకుండా మార్చే హక్కు ఉంచుకుంటుంది, మార్చిన రోజు మీ యాప్ మూగబోతుంది. బిగిస్తే మీ సొంత కీని, దానికి తోడు వేరే చోట దాచిన మరో కీని బిగించండి.

డేన్ అంటే మీ కీ సమాచారాన్ని డీఎన్‌ఎస్‌లోనే పెట్టే పద్ధతి; అది సర్టిఫికెట్ నమ్మకాన్ని, డీఎన్‌ఎస్ జవాబులకు సంతకాలు చేసే డీఎన్‌ఎస్‌సెక్‌కు మారుస్తుంది. ఇందులోని లాభం స్పష్టంగానే ఉంది: వందలాది అథారిటీలలో ఎవరైనా మోసం చేయగలిగే స్థితి పోయి, మీ డొమైన్‌కు పైనున్న రిజిస్ట్రీ (డొమైన్ పేర్లు నమోదు చేసే సంస్థ), డీఎన్‌ఎస్ రూట్ మాత్రమే మోసం చేయగల స్థితి వస్తుంది. నష్టం అంతగా చర్చకు రాదు. ఆ పైవారు మోసం చేస్తే వారి సంతకాలను నమోదు చేసే బహిరంగ లాగ్ ఏదీ వాడుకలో లేదు. అనుమానితుల సంఖ్య తగ్గింది, ఆనవాలు కూడా తగ్గింది. బ్రౌజర్లు దీన్ని స్వీకరించలేదు. మెయిల్ సర్వర్ల మధ్య మాత్రం 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7672 ఆధారంగా ఉపయోగపడుతోంది, అక్కడ వాడవచ్చు.

సొంత అథారిటీ పెట్టుకుంటే బయటి అథారిటీ బెడద ఉండదు. లోపలి సర్వర్ల మధ్య సంభాషణకు నా మొదటి సలహా ఇదే. కానీ ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు; రూట్ కీ ఉన్న యంత్రాన్ని తాకగలిగే ఉద్యోగి ఇప్పుడు మీ డిజినోటార్. రూట్‌ను నెట్‌వర్క్‌కు దూరంగా ఉంచడం, అది ఏ పేర్లకు సంతకం చేయవచ్చో పేరు పరిమితులతో కట్టడి చేయడం, జారీ చేసిన ప్రతి సర్టిఫికెట్‌నూ జారీ చేసేవారు చెరపలేని వేరే చోట నమోదు చేయడం, ఈ మూడూ లేని సొంత అథారిటీ బహిరంగ అథారిటీ కంటే బలహీనమైనది. బహిరంగ అథారిటీ మీద లాగ్ అయినా ఉంది.

సర్టిఫికెట్ రూపం మార్చిన మూడు పద్ధతులు

పరిశోధనా పత్రాలలోనూ, కొన్ని ఉత్పత్తుల ప్రచారంలోనూ ఎదురయ్యే పద్ధతులు మూడున్నాయి. వీటిని పోల్చేటప్పుడు వేగం, కీ పరిమాణం లాంటివి ముందుకు వస్తాయి, నమ్మకపు మెట్టు వెనక్కి పోతుంది.

మొదటిది గుర్తింపు ఆధారిత పద్ధతి. ఈమెయిల్ చిరునామానే పబ్లిక్ కీగా వాడాలన్న ఆలోచనను ఆడి షమీర్ 1984లో ప్రతిపాదించగా, వాడుకకు వీలైన ఎన్‌క్రిప్షన్ పథకాన్ని బోనే, ఫ్రాంక్లిన్ 2001లో ఇచ్చారు. సర్టిఫికెట్ అవసరమే లేదు. కానీ మీ రహస్య కీని తయారుచేసి ఇచ్చేది కీ కేంద్రమే, కాబట్టి మీకు వచ్చిన ప్రతి సందేశాన్నీ, ఇకమీద రాబోయే ప్రతి సందేశాన్నీ అది విప్పగలదు. విప్పినట్లు ఏ గుర్తూ ఉండదు. ఇది జిరో చెప్పిన మొదటి మెట్టు. కేంద్రం కీని పలువురి మధ్య పంచి, ఇంతమంది కలిస్తేనే పని జరిగేలా చేయవచ్చు, అది మేలే. అయినా ఆ పలువురూ ఒకే యాజమాన్యం కింద ఉంటే పంపకం నామమాత్రమే. బ్రిటన్ ప్రభుత్వ సంస్థ సీఈఎస్‌జీ రూపొందించి, 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6509గా వెలువడిన మైకీ-సాకీ ఈ కుటుంబానిదే. యాజమాన్యం అన్నీ వినగలగడమే అవసరమైన చోట, అంటే అత్యవసర సేవల రేడియో లాంటి చోట, ఇది సరైన ఎంపిక కావచ్చు. మరెక్కడా కాదు.

రెండోది సర్టిఫికెట్ లేని పద్ధతి. 2003లో అల్-రియామీ, పాటర్సన్ ప్రతిపాదించారు. కేంద్రం సగం కీ ఇస్తుంది, మిగతా సగం మీరే కలుపుకుంటారు. కేంద్రం ఊరికే కూర్చుని చూస్తే మీ సందేశం దానికి అందదు. కానీ మీ పబ్లిక్ కీ మీద ఎవరి సంతకమూ లేదు కాబట్టి, కేంద్రం మీ పబ్లిక్ కీ స్థానంలో తనది పెడితే పని ముగిసినట్లే. కేంద్రం తన మూల పరామితులను (పథకం లెక్కలకు ఆధారమయ్యే సంఖ్యలను) మొదటి రోజునే వంకరగా తయారుచేసుకుంటే, కీ మార్చకుండానే సందేశాలు చదవగలదని 2007లో చూపారు. అసలు పథకం కూడా ఆ దెబ్బకు ఆగలేదు.

మూడోది ఈ వ్యాసానికి ప్రధానమైనది: 2003లో క్రెయిగ్ జెంట్రీ ప్రతిపాదించిన సర్టిఫికెట్ ఆధారిత ఎన్‌క్రిప్షన్. పేరు సాధారణ సర్టిఫికెట్ల వ్యవస్థలా వినిపిస్తుంది గానీ విషయం వేరు. ఇక్కడ సర్టిఫికెట్ కేవలం ధ్రువీకరణ కాగితం కాదు, సందేశాన్ని విప్పే తాళంలో సగం. పంపేవారు మీ పేరును, మీ పబ్లిక్ కీని, అథారిటీ పబ్లిక్ పరామితులను, ప్రస్తుత కాల వ్యవధిని కలిపి సందేశాన్ని మూస్తారు. విప్పాలంటే మీ రహస్య కీ ఒకటి, ఆ వ్యవధికి అథారిటీ ఇచ్చిన తాజా సర్టిఫికెట్ ఒకటి, రెండూ కావాలి. రద్దు చేయవలసినవారికి అథారిటీ కొత్త సర్టిఫికెట్ ఇవ్వకుండా ఉంటే చాలు. పంపేవారు రద్దు జాబితాలు వెతకనక్కరలేదు. ఆలోచనలో సొగసు ఉందన్నది నిస్సందేహం.

ఇప్పుడు అథారిటీ దొంగ అయితే ఏమవుతుందో మెట్టు మెట్టుగా చూద్దాం. అథారిటీ దగ్గర అందరి సర్టిఫికెట్లూ ఉంటాయి, మీ రహస్య కీ ఉండదు. కాబట్టి నియమం ప్రకారం నడుచుకుంటూ కుతూహలంతో తొంగిచూసే అథారిటీకి ఏమీ దొరకదు. పత్రాలలోని భద్రతా రుజువులు ఈ హామీనే ఇస్తాయి. ఆ రుజువులలో రెండు రకాల ప్రత్యర్థులుంటారు: పబ్లిక్ కీని మార్చగలిగినా అథారిటీ మూల కీ లేని వ్యక్తి ఒకరు, మూల కీ ఉన్నా బాధితుడి పబ్లిక్ కీని మార్చకూడని అథారిటీ ఒకరు. రెండూ చేతిలో ఉన్నవారిని ఆటలోకి రానివ్వరు. ఈ నియమం ఎందుకుందంటే, రానిస్తే ఏ పథకమూ నిలబడదు కాబట్టి.

నిజ జీవితంలో దొంగ అథారిటీ చేసేది సరిగ్గా అదే. మీ పేరు మీద తానే ఒక కీ జంట పుట్టించుకుంటుంది, దానికి తానే సర్టిఫికెట్ ఇచ్చుకుంటుంది, పంపేవారికి ఆ దొంగ పబ్లిక్ కీని అందేలా చేస్తుంది. వచ్చిన సందేశాన్ని విప్పి చదివి, మీ అసలు పబ్లిక్ కీతో మళ్లీ మూసి మీకు పంపిస్తుంది. మీకు సందేశం అందింది, పంపినవారికి జవాబు అందింది, ఇద్దరికీ లోపం కనిపించదు.

సాధారణ సర్టిఫికెట్ల మీద కూడా ఇదే దాడి జరుగుతుంది కదా అనవచ్చు. జరుగుతుంది, కానీ ఒక తేడా ఉంది, నేను పదేపదే అడుగుతున్న ప్రశ్న దాని మీదే. సాధారణ పద్ధతిలో దొంగ సర్టిఫికెట్‌ను పంపేవారికి చూపి తీరాలి. అథారిటీ సంతకం ఉన్న కాగితం ఒక్క క్షణమైనా దాని పరిధి దాటి బయటికి వస్తుంది, దాన్ని పట్టుకోవడానికే లాగ్‌లు పెట్టారు. జెంట్రీ పద్ధతిలో సర్టిఫికెట్ పంపేవారి దగ్గరికి వెళ్లనక్కరలేదు, విప్పేవారి దగ్గరే ఉంటుంది. విప్పేది అథారిటీయే అయినప్పుడు ఆ దొంగ సర్టిఫికెట్ అథారిటీ గది దాటదు. రేపు మీరూ పంపినవారూ కలిసి కీలు సరిపోల్చుకుని తేడా కనిపెట్టినా, ఎవరో కొంటెవాడు కీ మార్చి ఉంటాడు, దానికి నేను సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఇవ్వనిదే సందేశం విప్పడం ఎవరి తరమూ కాదు అని అథారిటీ చెప్పగలదు. మీ దగ్గర దానికి ఎదురు సాక్ష్యం లేదు. ఒకే పేరు మీద చెల్లే సర్టిఫికెట్లు రెండు కనబడితే మోసం రుజువైనట్లే కాబట్టి ఈ పద్ధతి మూడో మెట్టు మీద ఉందని చెప్పడం కద్దు. కనబడితే అన్న మాటలోనే ఇబ్బంది ఉంది. సర్టిఫికెట్లను బహిరంగంగా ప్రకటించే ఏర్పాటు విడిగా లేనంతవరకు దీన్ని నేను రెండో మెట్టు మీదే లెక్కిస్తాను.

ఇదే కుటుంబంలోని సంతకం పథకాల సంగతి కొంత నయం. దొంగ కీతో మీ పేరు మీద చేసిన సంతకం చెల్లిందంటే, ఆ కీకి అథారిటీ సర్టిఫికెట్ ఉన్నట్లే; సంతకం ఎదుటివారికి ఇచ్చేదే కాబట్టి ఆనవాలు దానంతట అదే బయటికి వస్తుంది. రెండో కీ కూడా నువ్వే నమోదు చేయించుకున్నావు అని అథారిటీ బుకాయించకుండా, నమోదు అభ్యర్థనల మీద వాడుకరి పాత కీతో సంతకం తీసుకునే నియమం ఉండాలి. మొత్తం మీద, ఎన్‌క్రిప్షన్‌కు పనికిరాని నమ్మకపు నమూనా సంతకానికి పనికిరావచ్చు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

జెంట్రీ పద్ధతికి ప్రధాన ఆకర్షణ రద్దు సమస్యను తీర్చడం. సాధారణ సర్టిఫికెట్లు కూడా మెల్లగా అటే నడుస్తున్నాయి: 2025 ఏప్రిల్‌లో అథారిటీలు, బ్రౌజర్ల ఉమ్మడి వేదిక ఆమోదించిన ప్రకారం గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027లో 100కు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గుతుంది. గడువు అంత చిన్నదైతే రద్దు అవసరమే తగ్గిపోతుంది. ఆ లాభం కోసం లాగ్‌ల వల్ల వచ్చే ఆనవాలును వదులుకోవడం నాకు సబబుగా తోచదు.

మీ సందర్భానికి ఏది

ప్రజలు బ్రౌజర్‌తో చూసే సైటు అయితే బహిరంగ సర్టిఫికెట్, సీఏఏ రికార్డు, లాగ్‌ల మీద నిఘా, హెచ్చరిక చదివే మనిషి పేరు. నాలుగోది లేకుండా మొదటి మూడింటికి ఖర్చు పెట్టకండి. మీ యాప్ మీ సర్వర్‌తో మాత్రమే మాట్లాడితే సొంత అథారిటీ పెట్టి దాన్నే యాప్‌లో బిగించండి. అక్కడ బహిరంగ అథారిటీల ప్రమేయమే అక్కరలేదు. సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే చోటా అదే, పైన చెప్పిన మూడు కట్టడులతో. మెయిల్ సర్వర్ అయితే డేన్.

వ్యక్తుల మధ్య సందేశాలకు సర్టిఫికెట్ల వెంట పడకుండా, ప్రతి వాడుకరి కీనీ తనిఖీకి వీలైన చిట్టాలో నమోదు చేసే కీ ట్రాన్స్‌పరెన్సీ ఉన్న సేవను చూసుకోండి. 2015లో కోనిక్స్ పేరుతో వచ్చిన పరిశోధన ఈ దారి చూపగా, 2023లో వాట్సాప్, ఆపిల్ రెండూ తమ సందేశ సేవల్లో ఆ తరహా ఏర్పాటు తెచ్చాయి. మీ పేరు మీద ఏ కీ నమోదై ఉందో మీ ఫోనే సరిచూడగలదు. చూడవలసినవారి కంట పడటమంటే ఇదే.

ఇక గుర్తింపు ఆధారిత, సర్టిఫికెట్ లేని, సర్టిఫికెట్ ఆధారిత పద్ధతులలో ఏదో ఒకదాన్ని ఉత్పత్తిగా అమ్మేవారు మీ దగ్గరికి వస్తే, నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి. మూల కీని ఎవరు, ఎక్కడ పుట్టించారు? పరామితులు వంకర లేకుండా పుట్టాయని బయటివారు ఎలా సరిచూడగలరు? భద్రతా రుజువులో అథారిటీకి పబ్లిక్ కీ మార్చే అధికారం ఇచ్చారా, లేదా? నా పేరు మీద రెండో కీ పుడితే అది నాకు ఏ మార్గంలో, ఎన్ని గంటలలో తెలుస్తుంది? మొదటి మూడింటికి చాలామంది తడబడుతూనైనా ఏదో ఒక జవాబు చెబుతారు. నాలుగోదానికి గంటల లెక్కతో జవాబు రాకపోతే సాధారణ సర్టిఫికెట్లే తీసుకుని, మిగిలిన డబ్బుతో లాగ్‌లు చూసే మనిషిని పెట్టుకోండి.